తాళంచెవి గుర్తు బిస్కెట్లు

మొన్న మా మనవరాలు ఒక ఒవెన్ కొనుక్కొచ్చింది. వంటింటి గట్టు మీదున్న నా పోపుల డబ్బాను, ఊరగాయ జాడీని ఒక మూలకు నెట్టేసి దాన్ని అక్కడ ప్రతిష్ఠించి, ఈ క్రిస్మస్‌కి మన ఇంటి బిస్కెట్లు నేనే చేస్తానని ప్రకటించింది. నాకు భలే సంబరమైంది. కొంగు దోపుకున్నాను, కళ్లద్దాలు తుడుచుకున్నాను, మైదా జల్లెడ ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తూ కుర్చీలోంచి లేవబోయాను. ఆ పిల్ల ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "నానమ్మా, చిన్న నానమ్మ నంబర్ మారిందట కదా, నీ దగ్గరుందా? రెసిపీ అడగాలి" అంది. లేవబోయినదాన్ని లేవబోయినట్టే కూలబడ్డాను. నంబరు ఇచ్చాను. ఇవ్వక చస్తానా? ఆ తర్వాత వాళ్లిద్దరూ స్పీకర్ పెట్టుకుని నెయ్యి ఎంత, రవ్వ ఎంత అని నవ్వుకుంటూ మాట్లాడుకుంటుంటే నేను పక్క గదిలో టీవీ పెద్దగా పెట్టుకుని కూర్చున్నాను. టీవీలో ఏం వచ్చిందో అడిగితే చెప్పలేను.

చిన్న నానమ్మంటే నా తోటికోడలు, మా మరిది భార్య. మంచి మనిషి. ఆ సంగతి అందరూ నాకు చెబుతూనే ఉంటారు. డెబ్బై దాటాక కూడా తోటికోడలి మీద కుళ్లేమిటని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. వయసు మీద పడితే అదే పోతుందిలే అనుకున్నాను. మోకాళ్లు పోయాయి, కళ్లు పోయాయి, పై పళ్లు కూడా పోయాయి. కుళ్లు మాత్రం పుట్టిననాడు ఎట్లా ఉందో అట్లాగే నిక్షేపంలా ఉంది. అది పుట్టిన చోటు సికింద్రాబాద్‌లో, రెజిమెంటల్ బజార్ వెనక సందులో ఉన్న మా అత్తగారిల్లు. పుట్టిన సమయం డిసెంబరు, బిస్కెట్ల పిండి కలిపే రోజు.

నేను కాకినాడ నుంచి వచ్చినదాన్ని. మిషన్ స్కూల్లో నాకున్న టీచరు ఉద్యోగం చూసి నన్ను ఈ ఇంటికి చేసుకున్నారు. మా వైపు క్రిస్మస్ అంటే మూకుడు, నూనె, పొయ్యి. గులాబీ పువ్వులు, గవ్వలు, అరిసెలు అన్నీ ఇంట్లోనే వేయించుకుంటాం. పిండివంట చేసుకోవడానికి ఇల్లు దాటి బేకరీకి పోతారని సికింద్రాబాద్ వచ్చాకే చూశాను. బజారులో మా సందు మొదట్లో ఒక పాత బేకరీ ఉండేది. డిసెంబరు వచ్చిందంటే పొద్దున్న రొట్టెలు, బన్నులు దించేశాక భట్టీని ఇళ్లవాళ్లకు వదిలేసేవారు. ఆడవాళ్లంతా ఇంట్లోనే పిండి కలుపుకుని, బేసిన్ల మీద తడిగుడ్డ కప్పి, ఖాళీ డబ్బాలు చంకన పెట్టుకుని అక్కడికి చేరేవారు. భట్టీ ముందు బల్లల మీద కూర్చుని, తమ బిస్కెట్లు తామే ఒత్తుకుని, రేకుల మీద పేర్చి ఇచ్చేవారు. ఒక రేకు మీద నాలుగిళ్ల బిస్కెట్లు పడేవి కాబట్టి ఎవరివేవో తెలియడానికి ఇంటికో గుర్తు. ఒకరు సీసా మూతతో ఒత్తితే ఇంకొకరు దువ్వెన పళ్లతో గీసేవారు, మరొకరు వేలితో గుంట పెట్టేవారు. మా ఇంటి గుర్తు బీరువా తాళంచెవి. దాని గుండ్రటి తలతో మా అత్తగారు ప్రతి బిస్కెట్టు మీదా ఒక ముద్ర వేసేది. భట్టీ దగ్గర డబ్బాలు నింపేవాళ్లు పేరు చీటీ చూసేవారు కాదు, గుర్తే చూసేవారు. మా చర్చిలో సగం మందికి మా ముఖాలకన్నా మా బీరువా తాళంచెవే బాగా తెలుసు.

ఇక పిండి కలపడం. అది మా అత్తగారి రాజ్యం. నడవాలో చిన్న పీట వేసుకుని, పెద్ద బేసిను ముందు పెట్టుకుని, పేరుకున్న నెయ్యి అందులో వేసి అరచేత్తో రుద్దేది. ఊరికే రుద్దడం కాదు. పచ్చటి నెయ్యి తెల్లబడి, పొంగి, వెన్నకన్నా తేలికై, చిటికెడు తీసి గ్లాసు నీళ్లలో వేస్తే తేలేదాకా రుద్దాలి. ఆ తర్వాత దంచిన పంచదార, మైదా, గుప్పెడు రవ్వ, అరగదీసిన జాజికాయ. చెప్పుకుంటే ఇంతే. కానీ ఆ నెయ్యి ఎప్పుడు ఆపాలో, పిండి ఎంత పొడిపొడిగా ఉండగా ముద్ద చేయాలో చేతికి తెలియాలి. మా ఇంట్లో ఎవరు పిండి కలిపితే పండుగ వాళ్లది. పాస్టరుగారింటికి మొదటి పళ్లెం వాళ్లే తీసుకెళ్లాలి, పండుగనాడు వచ్చినవాళ్లంతా ముందు వాళ్లనే పలకరించాలి. నా పని పంచదార దంచడం, మైదా జల్లించడం, అత్తగారు రుద్దుతున్నప్పుడు బేసిను తిరగకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకోవడం. పదేళ్లకు పైగా ఆ బేసిను పట్టుకున్నాను. ప్రతి ఏడూ ఆవిడ ఒక్కమాట అంటుందని ఎదురుచూశాను, ఇక నువ్వు కలుపు అని. నేను మాత్రం అడగలేదు. మా వైపు అత్తగారి చేతిలో పని కోడలు అడగదు. అడిగితే మీకు వయసైపోయింది, లేవండి అన్నట్టు. పెళ్లినాడు మా అమ్మ చెప్పి పంపిన నాలుగు బుద్ధుల్లో ఇదొకటి.

అట్లా ఉండగా ఒక వానాకాలంలో అత్తగారికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేకపోయేది. సాయంత్రం పూట నేనే నూనె వెచ్చచేసి భుజం రుద్దేదాన్ని. ఆవిడ బాధ చూస్తే జాలేసేది, అబద్ధం చెప్పను. కానీ లోపల ఎక్కడో చిన్న ఆశ కూడా మొలిచింది. ఈసారి ఎవరో ఒకరు కలపక తప్పదు, ఇంట్లో ఉన్నది నేనే కదా అని.

నేనొక్కదాన్నే కాదని తేలింది. ఆ దసరా దాటాక మా మరిది ఒక పిల్లను పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. చిలకలగూడ పిల్ల, వాళ్ల నాన్నకు గాజుల దుకాణం. టైపు నేర్చుకునే చోట ఇద్దరికీ పరిచయమైందట. వాళ్లు హిందువులు, మేం కిరస్తానీలం. రిజిస్టరాఫీసులో పెళ్లయిన సాయంత్రమే ఆ పిల్ల మొహం మీద పుట్టింటి తలుపు మూసేశారు. ఒక్క బట్టల సంచీతో మా గుమ్మంలో నిలబడింది. ఆ రోజు నాకూ కళ్లనీళ్లు వచ్చాయి. మిగతా రోజులు ఇంకేం వచ్చాయో చెబుతాను. ఆ పిల్లకు సిగ్గూ బిడియం లేవు. చర్చిలో అందరూ కూర్చుంటే తను లేచి నిలబడేది, అందరూ లేస్తే కూర్చునేది, మళ్లీ తనే ఫక్కున నవ్వేది. కనిపించినదల్లా అడిగేది. అక్కా గిదేంది, అక్కా గట్ల ఎందుకు చేస్తరు. అత్తమ్మా అంటూ అత్తగారి మోకాలి మీద చెయ్యి వేసి మాట్లాడేది. నేను ఇన్నేళ్లుగా అత్తయ్యగారూ అంటూ మూడడుగుల దూరంలో నిలబడి మాట్లాడినదాన్ని. వచ్చిన నెల తిరక్కుండానే అత్తగారు ఆ పిల్లను బిడ్డా అని పిలవడం మొదలుపెట్టింది. నన్నేమో నేనొచ్చిన నాటి నుంచీ టీచరమ్మా అనే పిలిచేది. అది గౌరవమేనని మా వారు నచ్చజెప్పేవారు. గౌరవాన్ని ఏం చేసుకోను?

పిండి కలిపే రోజు వచ్చింది. ముందురోజే నేను గోళ్లు కత్తిరించుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు గానీ, ఉంగరం తీసి గూట్లో పెట్టాను, గాజులు పైకి తోసుకున్నాను. బేసిను తెచ్చి నడవాలో పెట్టాను. అత్తగారు పీట మీద కూర్చోకుండా గోడకానుకుని కూర్చుంది. పీట ఖాళీ. నేను దాని వైపు ఒక అడుగు వేశాను కూడా. "బిడ్డా, చేతులు కడుక్కొని రా, నెయ్యి రుద్దుదువు గానీ" అంది అత్తగారు. ఆ పిల్ల పరుగున వచ్చి పీట మీద కూర్చుంది. అప్పుడు అత్తగారు నా వైపు తిరిగి, "టీచరమ్మా, నువ్వు బేసిను పట్టుకో" అంది.

పట్టుకున్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది కానీ పట్టుకున్నాను. ఆ పిల్ల చేతినిండా గాజులు గలగలలాడించుకుంటూ, ముక్కు మీద నెయ్యి పూసుకుంటూ, మధ్యమధ్య చెయ్యి నొప్పని ఆగుతూ, అదొక ఆటలా రుద్దింది. నాకు తప్పులన్నీ కనబడ్డాయి. చెయ్యి ఒకే వైపు తిప్పడం లేదు. అంచులకంటుకున్న నెయ్యి లోపలికి లాగడం లేదు. చెబుదామని నోటిదాకా వచ్చేది, అంతలో అత్తగారే వెనకనుంచి వంగి మెల్లిగా చెప్పేది. గట్ల కాదు బిడ్డా, గిట్ల, అరచేయి మడమతోని. నాకు ఒక్కసారైనా అంత మెల్లిగా ఏదీ చెప్పలేదు కదా అనుకున్నాను. చివరికి చిటికెడు తీసి నీళ్లలో వేస్తే తేలింది. అత్తగారి మొహం చూడాలి, మెట్రిక్ పాసయిన బిడ్డను చూసినట్టు చూసింది. తేలకుండా మునిగితే బాగుండునని నేను ఆ గ్లాసు వంకే గుడ్లప్పగించి చూస్తున్న సంగతి దేవుడికి తెలుసు, ఇప్పుడు మీకు తెలిసింది.

మర్నాడు నాకు స్కూలు, పరీక్ష పేపర్లు. అత్తగారు భుజం నొప్పితో బల్ల మీద అంతసేపు కూర్చోలేనంది. అందుకని మా మరిది ఆ పిల్లను, బేసినును రిక్షాలో బేకరీ దగ్గర దింపి ఆఫీసుకు పోయాడు. నేను సాయంత్రం వచ్చేసరికి నిండు డబ్బా ఇంట్లో ఉంది, ఆ పిల్ల భట్టీ ముచ్చట్లన్నీ చెబుతోంది. తీరా చూస్తే తాళంచెవి తీసుకెళ్లడం మరిచిపోయిందట. పక్కన కూర్చున్న అల్వాల్ ఆంటీ ఒకావిడ తన ఫోర్కు ఇచ్చిందట, దాంతో గీతలు గీసిందట. ఆంటీ మస్తు మంచిదక్కా, ఫోర్కు కడిగి మరీ ఇచ్చింది అంది. నేను అత్తగారి మొహం వంక చూశాను. తాళంచెవి మరిచిపోవడమంటే మా ఇంట్లో మామూలు విషయమా? కానీ ఆవిడ తేలిగ్గా, గీతలైతేంది, గుండ్రమైతేంది, పోయేది నోట్లకే గదా అనేసింది. ఆ పొరపాటు నేను చేసి ఉంటేనా, ఆ మాట ఈ పాటికి మా చర్చి గంటకు కూడా తెలిసి ఉండేది.

పండుగ వచ్చింది. ఆరాధన అయ్యాక ఇంటినిండా జనం. ఒక్కరు తిని ఊరుకుంటే ఒట్టు. పాస్టరమ్మగారు రెండోసారి చెయ్యి చాపింది. కూరలో ఏం వేశానో ఏనాడూ గమనించని మా వారు నాలుగు బిస్కెట్లు వరసగా నోట్లో వేసుకుని, ఈసారి మస్తు కుదిరినయ్ అన్నారు. కొత్తకోడలి చేయి, అచ్చం అత్త చేయేనమ్మా అని ఒకరు. ఏ పుణ్యాన దొరికిందో ఈ పిల్ల అని ఇంకొకరు. ఆ పిల్ల పట్టుచీరలో అటూ ఇటూ తిరుగుతూ పళ్లెం పట్టుకుని నవ్వుతోంది. నేనూ ఒకటి తిన్నాను. కరకరలాడుతూ బాగానే ఉంది, దాని మొహం మండ. కానీ జాజికాయ వాసన లేదు, వెనిలా వాసన కొట్టింది. అంటే ఈ మహాతల్లి అత్తగారి వంటకాన్నే మార్చేసిందన్నమాట అనుకున్నాను. అత్తగారు కూడా ఒకటి తీసుకుంది. మెల్లిగా నమిలింది. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుందని చూశాను. మంచిగున్నయ్ అని మంచినీళ్లు తాగింది. పప్పులో ఉప్పు తగ్గితే ఈస్టరు దాకా గుర్తు చేసిన మనిషి, జాజికాయే లేకపోతే మంచిగున్నయ్ అంటుందా? ఆ రోజంతా కడుపులో మంట. బిర్యానీ ఎక్కువైందని మా వారు సోడా తెప్పించారు.

పండుగ వెళ్లాక, కొత్త సంవత్సరం రాకముందు, ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ తలుపు తట్టింది. చేతిలో డబ్బా. చిన్నకోడలు చిలకలగూడ పిల్ల, వాళ్ల ఇల్లు ఇదేనా అని అడిగింది. బేకరీలో కనుక్కుని వచ్చిందట. కూర్చుని, చెమట తుడుచుకుని, చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడే అల్వాల్ ఆంటీ. ఫోర్కు గీతలు వాళ్ల ఇంటి గుర్తు. మా పిల్ల ఆవిడ ఫోర్కుతోనే గీసేసరికి రెండిళ్ల బిస్కెట్లకూ ఒకటే గుర్తు పడింది. నింపేవాళ్లు వాళ్లవి మా డబ్బాలో, మావి వాళ్ల డబ్బాలో పోశారు. ఆవిడ సగం చెప్పేలోపే నాకు మొత్తం అర్థమైపోయింది. గుండెల మీంచి ఎవరో బండరాయి దించినట్టయింది. పండుగంతా ఊరంతా పొగిడింది ఈ అల్వాల్ ఆవిడ బిస్కెట్లను! నా జన్మలో అంత వేగంగా ఎవరికీ టీ పెట్టలేదు. అందులో ఏలకులు కూడా వేశాను. టీ అందరికీ ఇచ్చి, క్లాసులో చివరి బెంచీకి వినబడే గొంతుతో, "అయితే మనం పండుగంతా తిన్నవి ఈవిడగారు చేసినవన్నమాట" అన్నాను. మా తోటికోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకుంటానా? అసలు మన బిస్కెట్లు ఎట్లా వచ్చాయో చూద్దామని ఆవిడ తెచ్చిన డబ్బా మూత తీసి, పళ్లెంలో పెట్టి, అత్తగారి ముందుకు నేనే తీసుకెళ్లాను. అందరి ముందూ తీర్పు చెప్పాలి కదా మరి.

అత్తగారు ఒకటి తీసి కొరికింది. నమలడం ఆపింది. మళ్లీ నమిలింది. చేతిలో మిగిలిన ముక్కను తిప్పి చూసుకుంది. నేను పళ్లెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ కళ్లు నిండాయి.

"మా అమ్మ చేసినట్టె ఉన్నయ్" అంది. "నాకు సుత ఎన్నడూ గిట్ల రాలె."

అల్వాల్ ఆంటీ టీ కప్పు కింద పెట్టి ఆ మాటే అందుకుంది. వాళ్లాయన కూడా ఇంత మంచిగ నువ్వెప్పుడు చేసినవని అన్నాడట, అట్లా అన్నాకే ఆవిడకు అనుమానం వచ్చిందట. అప్పటికే డబ్బా సగం ఖాళీ అయినందుకు తప్పుగా అనుకోవద్దంది. మా తోటికోడలు నవ్వుతూ ఏడుస్తూ అత్తగారి ఒళ్లో తల పెట్టేసింది. ఆ జుట్టు నిమురుతూ, పండుగనాడే జాజికాయ లేదని ఎరుకైంది, మరిచిపోయినవేమో అనుకున్న, మొదటి పండుగకు ఏం అంటనని ఊకున్న అని అత్తగారు మురిసిపోతూ చెప్పింది. నేను పళ్లెం పట్టుకునే ఉన్నాను. ఆ పిల్లకు ఆ సత్కారం ఎవరు చేయించారయ్యా అంటే, నా ఈ రెండు చేతులతో నేనే.

ఆ సాయంత్రం ఎప్పటిలా నూనె వెచ్చచేసి అత్తగారి భుజం రుద్దడానికి కూర్చున్నాను. ఆవిడ వెనక కూర్చుంటాను కాబట్టి నా మొహం ఆవిడకు కనబడదు, ఆవిడ మొహం నాకు కనబడదు. అందువల్లనే ధైర్యం వచ్చిందేమో. లేక ఓర్పు అయిపోయిందేమో.

"నన్నెందుకు పిలవలేదు అత్తయ్యగారూ?" అన్నాను.

దేనికని ఆవిడ అడగలేదు. "నువ్వు ఎన్నడన్న అడిగినవా?" అంది. "ఆ పిల్ల వచ్చిన వారం దినాలకే అడిగింది. అత్తమ్మా నాకు నేర్పుతరా అని."

మా వైపు కోడళ్లు అట్లా అడగరని చెప్పాను. మా దిక్కు అడగకుంటె వద్దన్నట్టె గదా అంది ఆవిడ. పదేళ్ల లెక్క అట్లా ఒక్క ముక్కలో తేలిపోయింది. ఇక అనడానికేం లేదని రుద్దుతున్నాను. అంతలో ఆవిడే మళ్లీ అంది.

"అయినా నా బిస్కెట్లు నీకెందుకమ్మా? నీకు మీ అమ్మ డబ్బా వస్తది గదా."

ఆ డబ్బా సంగతి చెప్పాలి. ప్రతి డిసెంబరులో మా అమ్మ గులాబీ పువ్వులు, గవ్వలు చేసి, రేకు డబ్బాలో పెట్టి, పైన పాత లుంగీ గుడ్డ కుట్టి, కాకినాడ నుంచి వచ్చే ఎవరో ఒకరి చేత పంపించేది. అది నాకెంత మామూలంటే, ఇంతసేపు మీకు చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. అత్తగారికి మాత్రం అది మామూలు కాదని ఆ సాయంత్రమే తెలిసింది.

"గా డబ్బా రాంగనె నీ ముఖం ఎట్లయితదో నాకెరుక" అంది. "లోపటికి సుత రావు. తలుపు కాడ్నె కూసుంటవు. దారం పండ్లతోని తెంపుతవు. మూత తీసి ముందుగాల వాసన చూస్తవు. ఒకటి నోట్లేసుకొని కండ్లు మూసుకుంటవు. నువ్వొచ్చిన సంది చూస్తనే ఉన్న. నా బిస్కెట్టు తిని ఒక్కనాడన్న కండ్లు మూసుకున్నవా?"

నా చెయ్యి ఆగిపోయింది.

"రుద్దు, రుద్దు" అంది అత్తగారు. "ఆపకు."

రుద్దాను. ఏం రుద్దానో, ఎంతసేపు రుద్దానో తెలియదు. ఆవిడ కుళ్లుకుంది! కాకినాడలో ఉన్న, పెళ్లినాడు తప్ప సరిగ్గా చూడనైనా చూడని మా అమ్మ మీద, ఒక రేకు డబ్బా మీద, నా మొహంలో వెలుగు మీద, నేనొచ్చిన నాటి నుంచీ కుళ్లుకుంటూనే ఉంది. ఒకే బేసినుకు అటు ఆవిడ, ఇటు నేను. ఆవిడ మెప్పు కోసం నేను ఉడికిపోతుంటే, నా మెప్పు కోసం ఆవిడ ఉడికిపోయింది. పాపం అనిపించాలి కదా? అనిపించలేదు. ఎంత సంతోషమేసిందో! నా కోసం కూడా ఒకరు కుళ్లుకున్నారని తెలిస్తే అంత హాయిగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. ఆ సంతోషంలో నూనె గిన్నె తన్నేసి నడవా అంతా జిడ్డు చేశాను.

ఆ తర్వాతి డిసెంబర్లలో కూడా పిండి కలిపింది నా తోటికోడలే. బేసిను పట్టుకున్నది నేనే. నేర్పమని నేను అడగనూ లేదు, వాళ్లు రమ్మననూ లేదు, నా మంట తగ్గనూ లేదు. కాకపోతే ఒక కొత్త ఆట మొదలైంది. భట్టీ నుంచి డబ్బా ఇంటికి రాగానే అత్తగారి ఎదుట కూర్చుని, ఒక బిస్కెట్టు నోట్లో వేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, తల కూడా ఊపేదాన్ని. ఆవిడ ఓరకంట చూసి, "కండ్లు మూసుకునుడు జెర ఎక్కువైతున్నది టీచరమ్మా, తగ్గించు" అనేది. మా అమ్మ డబ్బా వచ్చిన రోజు మాత్రం ఏదో పనున్నట్టు పెరట్లోకి వెళ్లిపోయేది. నేను వద్దన్నా ఆగేది కాదు. నాకది కూడా బాగుండేది.

కొన్నేళ్లకు మా అమ్మ పోయింది. ఆ డిసెంబరులో డబ్బా రాదని తెలుసు, అయినా సాయంత్రాలు స్కూలు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ అటూ ఇటూ చూసేదాన్ని. ఒక రోజు వచ్చేసరికి ఇల్లంతా నూనె పొగ. అత్తగారు ఆ భుజంతోనే పొయ్యి ముందు కూర్చుని గవ్వలు వేయిస్తోంది. గవ్వల చెక్క మా ఇంట్లో లేదు, కొత్త దువ్వెన మీద ఒత్తిందట. ఎవరిని అడిగి నేర్చుకుందో చెప్పలేదు. నాలుగు గవ్వలు పళ్లెంలో పెట్టి, నేనింకా కాళ్లు కడుక్కోకముందే నా చేతికిచ్చి, తలుపుకానుకుని నా మొహం వంక చూస్తూ నిలబడింది. రాళ్లు. పళ్లు ఊడొస్తాయేమో అన్నంత గట్టి రాళ్లు, పాకం కూడా కాస్త మాడింది. ఒకటి నోట్లో వేసుకున్నాను. కళ్లు వాటంతటవే మూసుకుపోయాయి. చాలాసేపటికి తెరిచి చూస్తే ఆవిడ అట్లాగే చూస్తోంది. తగ్గించు అని మాత్రం ఆ రోజు అనలేదు.

ఆవిడా పోయింది. బేకరీ ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. కాలం మనుషుల్ని తీసుకుపోతుందని అందరూ చెబుతారు, అదేం కొత్త సంగతి కాదు. కానీ మన మొహం ఎవరి చేతి వంటకు వెలిగిందా అని తలుపుకానుకుని కుళ్లుకుంటూ చూసే ఆ కళ్లను కూడా తీసుకుపోతుందని, ఆ తర్వాత మనం ఎంత కమ్మటిది తిని కళ్లు మూసుకున్నా చూసేవాళ్లు ఉండరని, ముందుగా ఎవరూ చెప్పరు.